కుబర్నెటీస్ క్లస్టర్‌లో నోడ్ ఆరోగ్యాన్ని పరీక్షించే పద్ధతి

కుబర్నెటీస్ అనేది కంటైనర్లలో నడిచే అప్లికేషన్లను అనేక మెషీన్ల సమూహంపై (క్లస్టర్‌పై) నిర్వహించే వ్యవస్థ. అందులోని ఏదైనా నోడ్‌పై, అంటే ఒక మెషీన్‌పై, అనుమానం వచ్చినప్పుడు అందరమూ ముందుగా ‘కుబ్‌సీటీఎల్ గెట్ నోడ్స్’ అనే కమాండ్ ఇచ్చి, స్టేటస్ కింద ‘రెడీ’ ఉందో ‘నాట్‌రెడీ’ ఉందో చూస్తాము. నాట్‌రెడీ కనబడగానే నోడ్‌ను రీస్టార్ట్ చేయడం మంచిది కాదు. ఆ ఒక్క మాట వెనుక రెండు వేర్వేరు పరిస్థితులు ఉంటాయి.

అది ఏదో తెలుసుకోవడానికి ‘కుబ్‌సీటీఎల్ డిస్క్రైబ్ నోడ్’ అని రాసి, పక్కన నోడ్ పేరు చేర్చి, కండిషన్స్ పట్టికను చదవాలి. రెడీ ఎదురుగా ‘ఫాల్స్’ అని ఉంటే, కుబ్‌లెట్ (నోడ్‌లో నడుస్తూ దాని స్థితిని క్లస్టర్‌కు తెలిపే ప్రోగ్రామ్) పనిచేస్తూనే తన ఇబ్బందిని తానే తెలియజేస్తున్నదని అర్థం. కంటైనర్ రన్‌టైమ్ (కంటైనర్లను నడిపే సాఫ్ట్‌వేర్) ఆగిపోయిందో, నెట్‌వర్క్ ప్లగిన్ సిద్ధంగా లేదో ఆ వరుస చివరనున్న మెసేజ్‌లోనే ఉంటుంది. ‘అన్‌నోన్’ అని ఉంటే కుబ్‌లెట్ నుంచి కబురే అందడం లేదు. మామూలుగా 10 సెకన్లకొకసారి అది తన లీజును (తాను పనిచేస్తున్నానని తెలిపే రికార్డును) పునరుద్ధరిస్తుంది; ఆ పునరుద్ధరణ ఆగితే నోడ్‌లను గమనించే కంట్రోలర్ కొద్దిసేపు వేచిచూసి నోడ్‌ను అన్‌నోన్‌గా గుర్తిస్తుంది, డిఫాల్ట్ సెట్టింగుల ప్రకారం మరో 300 సెకన్ల తరువాత అక్కడి పాడ్‌లను (అప్లికేషన్ కంటైనర్లు నడిచే యూనిట్లను) తొలగించడం మొదలుపెడుతుంది. ఆ వ్యవధిలోనే నోడ్‌లోకి లాగిన్ అయి ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కుబ్‌లెట్’ చూడాలి, ఆపై ‘జర్నల్‌సీటీఎల్’తో కుబ్‌లెట్ లాగ్ చదవాలి. లాగిన్ కూడా కాకపోతే లోపం మెషీన్‌లోనో నెట్‌వర్క్‌లోనో ఉన్నట్టే.

రెడీ అని కనిపించే నోడ్‌ను కూడా పూర్తిగా నమ్మకూడదు. అదే కండిషన్స్ పట్టికలోని డిస్క్‌ప్రెషర్ (డిస్క్‌లో చోటు తగ్గిందనే సూచన) ‘ట్రూ’గా మారినా స్టేటస్ రెడీగానే ఉండవచ్చు, కొత్త పాడ్‌లు మాత్రం అక్కడికి రావు, పాతవి ఒక్కొక్కటిగా తొలగిపోతుంటాయి. ఇక్కడ నేను ఒకసారి చాలా సమయం పోగొట్టుకున్నాను. ‘డీఎఫ్ -హెచ్’ ప్రకారం డిస్క్‌లో సగానికి పైగా ఖాళీయే ఉంది. ‘డీఎఫ్ -ఐ’ ఇచ్చి చూస్తే ఐనోడ్లు (ప్రతి ఫైలుకూ ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదులు) 97 శాతం నిండిపోయి ఉన్నాయి. ఒక అప్లికేషన్ లక్షల కొద్దీ చిన్న చిన్న తాత్కాలిక ఫైళ్లను వదిలివెళ్లింది. లైనక్స్‌లో ఖాళీ ఐనోడ్లు 5 శాతం కంటే తగ్గితే కుబ్‌లెట్ డిఫాల్ట్‌గా పాడ్‌లను తొలగిస్తుంది కనుక, ఈ రెండు కమాండ్లనూ ఎప్పుడూ కలిపే ఇవ్వాలి.

మరమ్మతుకు ముందు నోడ్‌ను ‘కార్డన్’ చేసి (కొత్త పాడ్‌లు రాకుండా ఆపి), అవసరమైతే డీమన్‌సెట్‌లను (నోడ్‌కొకటి చొప్పున నడిచే పాడ్‌లను) మినహాయించి ‘డ్రెయిన్’ చేయాలి, అంటే మిగతా పాడ్‌లను అక్కడి నుంచి ఖాళీ చేయాలి. పని పూర్తయ్యాక ‘అన్‌కార్డన్’ చేసి, ఒక కొత్త పాడ్ ఆ నోడ్‌పైనే రన్నింగ్ స్థితికి చేరేవరకు గమనించాలి.