ఐదు సెంట్ల పెరటిలో నలుగురికి సరిపడే కూరగాయల తోట

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు ఒక మనిషికి రోజుకు సుమారు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు అవసరమని చెబుతున్నాయి. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు దాదాపు 48 కిలోల కూరగాయలు కావాలి. ఐదు సెంట్ల పెరడు, అంటే 242 గజాలు, శ్రద్ధగా సాగు చేస్తే ఇందులో చెప్పుకోదగ్గ భాగాన్ని తీర్చగలదు. అయితే ఇంత చోటులో ధాన్యం, పప్పులు, ఉల్లి పండించాలన్న ఆలోచన పెట్టుకోకపోవడమే మేలు. అవి అంగట్లో కొనుక్కోవలసినవే.

మడులు గీయడానికి ముందు కొలవవలసినది స్థలాన్ని కాదు, ఏప్రిల్, మే నెలల్లో ఇంటి వాడకం పోగా మిగిలే నీటిని. ఒక చదరపు మీటరు నేలపై ఒక లీటరు నీరు పోస్తే ఒక మిల్లీమీటరు వాన కురిసినట్టు. వేసవిలో మడికి రోజుకు అయిదు మిల్లీమీటర్ల నీరైనా ఇవ్వాలనుకుంటే వంద చదరపు మీటర్లకు 500 లీటర్లు కావాలి. బోరు సన్నగిల్లి 200 లీటర్లే మిగిలే ఇంట్లో వేసవి సాగును నలభై చదరపు మీటర్లకు కుదించి, మిగిలిన మడులపై ఎండుటాకులు మందంగా పరచి వదిలేయాలి. గిన్నెలు కడిగిన నీటిని అరటి పాదులకు మళ్లించవచ్చు గాని ఆకుకూరలకు పెట్టకూడదు.

చెట్లను ఉత్తరపు హద్దు వెంబడి నాటాలి, ఎందుకంటే శీతాకాలంలో సూర్యుడు దక్షిణానికి వాలినప్పుడు నీడ ఉత్తరం వైపు పడుతుంది, కూరగాయలకేమో రోజుకు ఆరు గంటల ఎండ తగ్గకూడదు. ఒక మునగ, ఒక కరివేప, ఒక నిమ్మ, రెండు మూడు అరటి పిలకలు, కొన్ని బొప్పాయి మొక్కలు చాలు. నాటు బొప్పాయిలో మగ మొక్కలు వస్తాయి కనుక గుంతకు మూడేసి నాటి, పూత చూశాక మగవాటిని తీసివేయాలి. తీగలకు పందిరి కూడా ఆ పక్కనే వేసుకోవాలి. దొండను కొమ్మ ముక్కలతో ఒకసారి పెడితే ఏళ్ల తరబడి కాస్తుంది. సొర, బీర, కాకరలకు రెండేసి పాదులు మించనవసరం లేదు. నల్లరేగడి నేలల్లో వానాకాలపు మడులను జానెడు ఎత్తు చేయకపోతే వేర్లు కుళ్లిపోతాయి.

ఇంటి తోటలో పంట తక్కువై కలిగే ఇబ్బంది కంటే ఒకే వారంలో అంతా కోతకు రావడం వల్ల కలిగేదే ఎక్కువ. తోటకూర విత్తిన ఇరవై అయిదు, ముప్పై రోజులకు కోతకు వస్తుంది కనుక మడి మొత్తం ఒకేసారి చల్లకుండా నాలుగు భాగాలు చేసి వారానికొక భాగం చల్లుకోవాలి; మెంతికూర, పాలకూరలకూ ఇదే పద్ధతి. బెండను ఇరవై మొక్కల చొప్పున నెల ఎడంతో రెండు మూడు విడతలుగా విత్తాలి. ఆరు వంగ మొక్కలు నలుగురికి సరిపోతాయి. అంతకు మించితే ఇరుగుపొరుగుకు పంచవలసి వస్తుంది, అదీ మంచిదే.

కాలాన్ని బట్టి మొక్కలను ఎంచుకోవడంలో పట్టుదలకు పోకూడదు. మృగశిర కార్తెలో తొలకరి పడగానే తీగజాతులు, బెండ, గోరుచిక్కుడు విత్తుకోవచ్చు. తీగ చిక్కుడును కూడా అప్పుడే పెట్టినా పగటి పొద్దు తగ్గేదాకా అది పూత పట్టదు. ఆగస్టులో తీగ ఏపుగా పెరిగి కాయ లేదని పీకివేయకూడదు. టమాటా నారును సెప్టెంబరు, అక్టోబరుల్లో నాటితే చలికాలమంతా కాస్తుంది, ఎండలు ముదిరాక పూత రాలిపోతుంది. వేసవికి గోంగూర, తోటకూర, దోస వంటి వేడిని ఓర్చేవే తగినవి.

టమాటా, వంగ, మిరప ఒకే కుటుంబానివి. ఒకదాని తరువాత మరొకదాన్ని అదే మడిలో నాటితే వేరుబుడిపె నులిపురుగులు, ఎండు తెగులు నేలలో స్థిరపడతాయి. ఆ మడికి తరువాతి పంటగా ఆకుకూరలో చిక్కుడు జాతులో వేసి, గట్ల మీద బంతి పెట్టాలి. బెండలో ఈనెలు పసుపెక్కిన మొక్క కనిపించిన రోజే పీకి కాల్చాలి. తెల్లదోమ ఆ పల్లాకు తెగులును పక్క మొక్కలకు మోస్తుంది. వంగలో తలలు వాలిన కొమ్మలను పురుగుతో సహా తుంచివేయడమే చిన్న తోటకు సరైన మందు.

విత్తనాల కోసం సొర, చిక్కుడు, గోంగూరలలో ఆరోగ్యమైన మొక్కను గుర్తించి, దాని కాయలను మొక్క మీదే ఎండనిచ్చి, బూడిద కలిపి మట్టికుండలో దాచుకోవాలి. సంకర రకాల నుంచి మాత్రం విత్తనం తీయకూడదు, తల్లి మొక్క గుణాలు పిల్ల మొక్కలకు అలాగే రావు.