ఒక క్లిప్ చూపించి అధికారిని తీసేయమంటే ఏం చేయాలి: షిర్లీ షెరాడ్ ఉదంతం నేర్పేది

మంత్రి పేషీలోనో, ఏదైనా సంస్థ పీఆర్ విభాగంలోనో, సంఘాలు నడిపే కమిటీల్లోనో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీ దగ్గర పనిచేసే మనిషి జాతి గురించో, కులం గురించో, మతం గురించో తప్పుగా మాట్లాడినట్టు రెండు నిమిషాల వీడియో బయటికొస్తుంది. గంటలో ఫోన్లు మొదలవుతాయి. సాయంత్రం డిబేట్ మొదలయ్యేలోపు "తీసేశాం" అని చెప్పేస్తే గొడవ వదిలిపోతుందని పైనుంచి కిందిదాకా అందరికీ అనిపిస్తుంది. వదలదు. 2010 జులైలో అమెరికాలో ఒబామా ప్రభుత్వం సరిగ్గా ఇదే పని చేసింది, మూడు రోజులు తిరిగేసరికి అధ్యక్షుడే ఆ తీసేసిన అధికారి షిర్లీ షెరాడ్‌కి ఫోన్ చేసి విచారం చెప్పుకోవాల్సి వచ్చింది.

ముందు జరిగింది తెలుసుకోండి, ఎందుకంటే కింద చెప్పేదంతా దీని మీదే ఆధారపడింది. షిర్లీ షెరాడ్ అనే నల్లజాతి మహిళ జార్జియా రాష్ట్రంలో అమెరికా వ్యవసాయ శాఖ గ్రామీణాభివృద్ధి విభాగానికి అప్పటి డైరెక్టర్. 2010 మార్చి 27న ఆమె నల్లజాతి వారి హక్కుల సంస్థ ఎన్ఏఏసీపీ స్థానిక శాఖ పెట్టిన విందులో మాట్లాడారు. ముప్పావు గంటకు దగ్గరగా సాగిన ప్రసంగం అది. జులై 19న ఆండ్రూ బ్రైట్‌బార్ట్ అనే మితవాద (రైట్‌వింగ్) ప్రచురణకర్త అందులోంచి రెండున్నర నిమిషాల ముక్క పెట్టాడు. సాయం అడిగి వచ్చిన ఒక తెల్ల రైతుకి తను చేయగలిగినదంతా చేయలేదని ఆమె చెప్తున్న ముక్క అది. ఆ సాయంత్రానికే ఆమె ఉద్యోగం పోయింది. పూర్తి వీడియో బయటికొచ్చాక తెలిసింది, ఆమె చెప్తున్న కథ అసలు దానికి వ్యతిరేకమని: మొదట తన మనసులో ఉన్న వివక్షని తనే గుర్తుపట్టి, దాన్ని దాటి, ఆ రైతు పొలం నిలబెట్టడానికి ఎలా తిరిగిందో చెప్పడమే ఆ ప్రసంగం సారాంశం.

ఇక పని దగ్గరికి వద్దాం.

మొట్టమొదట, గడువు ఎవరు పెట్టారో చూడండి. ఆ రోజు షెరాడ్ కారులో వెళ్తుంటే వాషింగ్టన్ నుంచి ఒకదాని వెంట ఒకటి ఫోన్లు వచ్చాయి. చివరి ఫోన్‌లో, కారు రోడ్డు పక్కన ఆపి అక్కడే రాజీనామా పంపమన్నారని ఆమె తర్వాత చెప్పారు. ఆమె కారులో కూర్చునే తన బ్లాక్‌బెర్రీ ఫోన్‌లో టైపు చేసి పంపేశారు. ఎందుకంత తొందర అంటే, ఈ రాత్రికి నువ్వు మితవాద ఛానల్ ఫాక్స్ న్యూస్‌లో గ్లెన్ బెక్ షోలో వస్తావు అన్నది ఆమెకు చెప్పిన కారణం. తీరా ఆ రోజు బెక్ షోలో ఆ క్లిప్ రానేలేదు. అంటే అసలు జరగని ఒక ప్రసారానికి భయపడి, ఆమె ఇంటికి చేరేదాకా కూడా ఆగలేకపోయారు. కాబట్టి మీ టేబుల్ మీదికి ఇలాంటిది వచ్చినప్పుడు ఒక కాగితం తీసుకుని రాయండి: ఈ రాత్రికే తేల్చకపోతే ఎవరికి, ఏ హాని జరుగుతుంది? ఎవరి ప్రాణానికో, భద్రతకో ముప్పు ఉంటే వెంటనే కదలాలి, అందులో సందేహం లేదు. జవాబు "టీవీలో తిడతారు" అన్నదొక్కటే అయితే, ఆ గడువు టీవీ వాళ్లది, మీది కాదు.

తర్వాత ఆ క్లిప్‌ని మీరే చూడండి, మొత్తం చూడండి. ఎవరో రాసిపెట్టిన రెండు లైన్ల సారాంశం చదివి, చూసేశాం అనుకోవద్దు. ఈ ఉదంతంలో నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం ఇదే. కత్తిరించిన ఆ ముక్కలోనే, చివర్లో, ఇది పేదవాళ్లకీ ఉన్నవాళ్లకీ సంబంధించిన సంగతి అని తనకి కళ్లు తెరుచుకున్నాయని ఆమె అంటుంది. కథ మలుపు తిరుగుతోందని ఆ మాట వింటే ఎవరికైనా అర్థమవుతుంది, తర్వాత ఏమందో అని అడగాలనిపిస్తుంది. అడిగినవాళ్లు లేరు. ఆ వీడియో మీద అతికించిన అక్షరాలేమో, ఇదంతా ఆమె ప్రస్తుత ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగానే చేసినట్టు చెప్పాయి. నిజానికి అది 1986 నాటి ముచ్చట. అప్పుడామె ప్రభుత్వంలోనే లేదు, రైతులకి సాయపడే ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసేది. అందుకే ప్రతి క్లిప్ విషయంలోనూ ఎప్పుడు, ఎక్కడ, ఏ హోదాలో, ఎవరి ముందు అన్న నాలుగూ తేల్చుకోండి. ముందు మాట ఏమిటి, వెనక మాట ఏమిటి అన్నది ఆ తర్వాత. పూర్తి రికార్డింగ్ ఎక్కడో ఒకచోట ఉంటుంది. సభ పెట్టినవాళ్ల దగ్గరో, వీడియో తీసిన లోకల్ కేబుల్ వాళ్ల దగ్గరో ఉంటుంది. అది దొరకలేదంటే నిర్ణయానికి ఇంకా వేళ కాలేదని అర్థం.

పూర్తి ప్రసంగం విన్నవాళ్లకి ఇంకో సంగతి తెలిసింది. షెరాడ్ తండ్రిని 1965లో ఒక తెల్ల మనిషి కాల్చి చంపాడు. అందరూ తెల్లవాళ్లే ఉన్న గ్రాండ్ జ్యూరీ (కేసు నడపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) ఆ మనిషి మీద కేసే నడవనివ్వలేదు. అప్పుడామెకి 17 ఏళ్లు. అమెరికా దక్షిణాదిని వదిలి ఎటైనా వెళ్లిపోవాలనుకున్న అమ్మాయి ఇక్కడే ఉండి పనిచేస్తానని తనకు తాను మాట ఇచ్చుకుంది. అలాంటి మనిషి లేచి నిలబడి, నా మనసులో కూడా ఒకప్పుడు ఇలాంటిది ఉండేది, దాన్ని దాటాను అని నలుగురి ముందు ఒప్పుకుంటే, ఆ ఒప్పుకోలునే పట్టుకుని ఉరేశారు. ఇంకోసారి ఎవరు నిజాయితీగా మాట్లాడతారు?

మనిషిని పిలిచి అడగండి. ఇది అన్నిటికన్నా తేలికైన పని, అందుకేనేమో అందరూ దాటేస్తారు. ఫోన్‌లో కాదు, వీలైతే ఎదురుగా కూర్చోబెట్టి, వాళ్లకి కావలసిన మరో మనిషిని కూడా పక్కన ఉండనిచ్చి, క్లిప్ చూపించి, దీని గురించి చెప్పండి అనండి. చెప్పింది రాసుకోండి. షెరాడ్ ఆ రోజు ఫోన్లో మొత్తుకుంటూనే ఉన్నారు, నేను చెప్పిన కథ అది కాదు, పూర్తిగా వినండి అని. అంతకు నాలుగు రోజుల ముందే ఈ క్లిప్ గురించి బెదిరింపు ధోరణిలో ఒక మెయిల్ వస్తే శాఖకి తెలియజేశానని కూడా ఆమె చెప్పారు. వినే మనిషి ఉండుంటే ఆ నాలుగు రోజుల్లో మొత్తం వీడియో తెప్పించుకోవచ్చు.

బాధితులని చెప్పబడుతున్న వాళ్లని కూడా అడగండి. ఇక్కడ ఆ తెల్ల రైతు, ఆయన భార్య బతికే ఉన్నారు, జార్జియాలోనే ఉన్నారు. మరునాడు ఒక వార్తా ఛానల్ వాళ్లని వెతికి పట్టుకుంది. ఆమె వల్లే మా పొలం దక్కింది, ఆమె మా స్నేహితురాలు అని వాళ్లు చెప్పారు. ఒక ఛానల్‌కి ఒక రోజులో దొరికినవాళ్లు, జార్జియా అంతటా ఆఫీసులున్న వ్యవసాయ శాఖకి దొరకరా?

ఈలోపు బయటికి ఏదో ఒకటి చెప్పాలి కదా అంటారు. చెప్పండి, చిన్నగా, తర్వాత వెనక్కి తీసుకోనక్కర్లేని మాటలు మాత్రమే. ఉదాహరణకి ఇలా: "ఈ వీడియో మా దృష్టికి వచ్చింది. పూర్తి ప్రసంగం తెప్పిస్తున్నాం. సంబంధిత అధికారి వివరణ తీసుకుంటున్నాం. ఆ రెండూ చూశాక నిర్ణయం చెప్తాం." మరీ ఒత్తిడి ఉంటే, విచారణ తేలేదాకా ఫలానా ఫైళ్లు వేరే అధికారి చూస్తారని ఒక వాక్యం కలపండి. తాత్కాలిక చర్యని రేపు ఎత్తేయొచ్చు. రాజీనామాని, "సహించం" అని అన్న మాటని అలా ఎత్తేయలేరు. వ్యవసాయ మంత్రి టామ్ విల్సాక్ వివక్షని ఏమాత్రం సహించమని ప్రకటన ఇచ్చేశారు కాబట్టి, మరునాడు నిజం బయటపడుతున్నా కాసేపు ఆ మాట మీదే నిలబడాల్సి వచ్చింది. అప్పుడు ఆయన చెప్పిన కారణం ఇంకా ప్రమాదకరమైనది: తప్పైనా ఒప్పైనా ఈ వివాదం వల్ల ఆమె నిర్ణయాల మీద జనానికి అనుమానం వస్తుంది, కాబట్టి ఉండకూడదు అని. దయచేసి ఈ వాదన ఎప్పుడూ వాడకండి. దీన్ని ఒప్పుకుంటే, ఎవరి మీదైనా బురద జల్లితే చాలు, బురద పడిందన్నదే తీసేయడానికి కారణం అయిపోతుంది.

మీ వైపు వాళ్లు కూడా ఖండించారని ధైర్యపడకండి. ప్రసంగం జరిగింది ఎన్ఏఏసీపీ సభలోనే. అయినా ఆ సంస్థ అధ్యక్షుడు బెన్ జెలస్ ఆ రాత్రే ఆమెను ఖండిస్తూ ప్రకటన ఇచ్చారు. దాని వెనక కథ ఉంది. ఒబామా ప్రభుత్వాన్ని వ్యతిరేకించే మితవాదుల టీ పార్టీ ఉద్యమంలో జాతి విద్వేషం ఉందని ఆ సంస్థ కొద్ది రోజుల ముందే తీర్మానం చేసింది, దానికి ఎదురుదెబ్బగానే బ్రైట్‌బార్ట్ ఈ క్లిప్ వదిలాడు. మేం మా వాళ్లనీ వదలం అని నిరూపించుకోవాలన్న ఆత్రంలో వాళ్లు పడిపోయారు. మరునాడు పూర్తి వీడియో చూసి, మోసపోయామని ఒప్పుకుని, ప్రకటన వెనక్కి తీసుకుని, ఆ వీడియోని తామే విడుదల చేశారు. క్లిప్ ఎవరు వదిలారు, ఇప్పుడే ఎందుకు వదిలారు అన్నది కూడా విచారణలో భాగమే.

ఇప్పటికే తప్పు జరిగిపోయిందా? అయితే ఆలస్యం చేయకండి, గొణగకండి. జులై 21న విల్సాక్ మీడియా ముందుకొచ్చి క్షమాపణ చెప్పి, బాధ్యత నాదే అన్నారు, కిందివాళ్ల మీదికి నెట్టలేదు. ఆయన సరిగ్గా చేసిన పని అది. అదే రోజు వైట్‌హౌస్ ప్రతినిధి రాబర్ట్ గిబ్స్ కూడా ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. ఆ సమయానికి షెరాడ్ సీఎన్ఎన్ స్టూడియోలో కూర్చుని ఆ ప్రెస్‌మీట్‌ని చూస్తున్నారు, తెర సగంలో ఆయన మాటలు, సగంలో ఆమె ముఖం. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత బ్యాంకులకి కళ్లెం వేసే డాడ్-ఫ్రాంక్ చట్టం మీద ఒబామా సంతకం చేసిన రోజు కూడా అదే. ఏళ్ల తరబడి పాకులాడిన చట్టం గురించి మాట్లాడుకోవాల్సిన రోజున దేశమంతా ఒక రాష్ట్ర స్థాయి అధికారి తొలగింపు గురించి మాట్లాడుకుంది. నష్టం రెండు వైపుల నుంచీ వచ్చింది. మితవాదుల అరుపుకి ప్రభుత్వం జడిసిందని ఒక మాట, నల్లజాతి మహిళని కాపాడుకోలేకపోయిందని సొంత పార్టీలోని నల్లజాతి నాయకుల నుంచే ఇంకో మాట. ఎవరిని మెప్పించాలని ఆ పని చేశారో వాళ్లు మెచ్చలేదు.

క్షమాపణతో పాటు ఉద్యోగం తిరిగి ఇవ్వజూపితే సరిపోతుందనుకోవద్దు. విల్సాక్ ఆమెకు శాఖలో మరో పదవి ఇస్తామన్నారు, ఆగస్టు 24న ఆమె వద్దన్నారు. పోయిన పేరు పదవితో రాదు. బ్రైట్‌బార్ట్ మీద 2011లో ఆమె వేసిన పరువునష్టం దావా, అతను 2012లో చనిపోయాక కూడా నడిచి, 2015లో రాజీతో ముగిసింది.

ఇంతా చెప్పి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇదంతా నిజమైన ఫిర్యాదులను తొక్కేయడానికి సాకు కాదు. అదే వ్యవసాయ శాఖ దశాబ్దాల పాటు నల్లజాతి రైతులకి అప్పులివ్వకుండా సతాయించింది. ఆ రైతులు వేసిన పిగ్‌ఫోర్డ్ కేసులో 1999లో రాజీకొచ్చి 100 కోట్ల డాలర్ల పైనే చెల్లించింది. షెరాడ్ దంపతులు నడిపిన న్యూ కమ్యూనిటీస్ అనే ఉమ్మడి సేద్యం కూడా ఆ వివక్షకి బలై భూమి పోగొట్టుకుంది. ఆ ఫిర్యాదులకి ఏళ్లు పట్టింది, ఈ క్లిప్‌కి గంటలే సరిపోయాయి. ఫిర్యాదుదారు ముందుకొచ్చి పేరు పెట్టి చెప్తే ఆ రోజే విచారణ మొదలుపెట్టండి. నేను ఆగమంటున్నది విచారణని కాదు, తీర్పుని.

మన దగ్గర ప్రభుత్వోద్యోగికి రాజ్యాంగం 311వ అధికరణం అండ ఉంది. ఆరోపణలేమిటో చెప్పి, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చి, విచారణ జరపకుండా మామూలుగా డిస్మిస్ చేయడం కుదరదు. అదే కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్లకి ఆ అండ లేదు, ఒక ఫోన్‌తో మానేయమంటారు. మీ ఆఫీసులో వాళ్లుంటే పై పద్ధతినే వాళ్లకీ ఒక ఆఫీసు ఉత్తర్వుగా రాసిపెట్టండి: వీడియో ఎవరు తెప్పించాలి, వివరణ ఎవరు తీసుకోవాలి, కనీసం ఎన్ని గంటలు ఆగాలి, చివరి సంతకం ఎవరిది. ఆ కాగితం గొడవ రాకముందే బీరువాలో ఉండాలి. వచ్చాక రాస్తే ఆ మనిషి కోసమే రాశారంటారు.