రాయడానికి వీల్లేని కోడ్ ఫోల్డరులో మాటోమో: ఏ ఫైలు ఎక్కడ ఉండాలి

వెబ్‌సైటు సందర్శకుల లెక్కలు చూపే సాఫ్ట్‌వేర్ మాటోమోలో అనుమతుల ఎర్రర్ రాగానే చాలామంది మొత్తం ఫోల్డరుకు 777 (అందరికీ చదివే, రాసే, నడిపే అనుమతి) ఇచ్చేస్తారు. ఎర్రర్ పోతుంది. కానీ ఆ తర్వాత ఏదో ఒక ప్లగిన్‌లో లొసుగు దొరికితే చాలు, బయటివాళ్లు మీ కోడ్‌నే మార్చేయగలరు. నిజానికి రోజూ నడవడానికి మాటోమో రాసుకోవాల్సిన చోట్లు ముఖ్యంగా రెండే: కాన్ఫిగ్ (సెట్టింగులు), టెంప్ (తాత్కాలిక ఫైళ్లు). ఆ రెండింటినీ వెబ్ రూట్ (బ్రౌజర్‌కు అందే ఫోల్డరు) నుంచి బయటికి తీసి, కోడ్‌ను చదవడానికి మాత్రమే ఉంచండి.

ముందు వెబ్ రూట్ బయట ఒక ఫోల్డరు తయారుచేసి, అందులో కాన్ఫిగ్, టెంప్ (టిఎంపి అని రాయాలి) అనే రెండు ఫోల్డర్లు పెట్టండి. పిహెచ్‌పి ఏ యూజర్‌గా నడుస్తోందో ఆ యూజర్‌నే యజమానిగా చేయండి. డెబియన్, ఉబుంటులలో మామూలుగా అది డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు-డేటా. ఎఫ్‌పిఎం (పిహెచ్‌పిని విడి సర్వీసుగా నడిపేది) వాడుతుంటే పూల్ ఫైలులో రాసిన యూజరే లెక్క. ఫోల్డర్లకు 750, ఫైళ్లకు 640 చాలు. కాన్ఫిగ్ ఫైలులో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంటుంది కాబట్టి ఇతరులకు చదివే అనుమతి కూడా వద్దు. పాత కాన్ఫిగ్ డాట్ ఐఎన్‌ఐ డాట్ పిహెచ్‌పిని కొత్త చోటికి తరలించండి. టెంప్‌లోని కాష్, కంపైలైన టెంప్లేట్లు మళ్లీ వాటంతట అవే తయారవుతాయి, మోసుకెళ్లక్కర్లేదు.

తర్వాత మాటోమో ఇండెక్స్ ఫైలు పక్కనే బూట్‌స్ట్రాప్ డాట్ పిహెచ్‌పి అనే ఫైలు రాయండి. అందులో డిఫైన్‌తో పివిక్ యూజర్ పాత్ అనే స్థిరాంకానికి (అన్నీ పెద్ద అక్షరాలు, పదాల మధ్య అండర్‌స్కోరు) కొత్త ఫోల్డరు పూర్తి పాత్ ఇవ్వండి, చివర స్లాష్ లేకుండా. పివిక్ అనేది మాటోమో పాత పేరు; 2018లో పేరు మారినా ఈ స్థిరాంకాలు పాత పేరుతోనే ఉన్నాయి. ఇండెక్స్, ట్రాకర్ (సందర్శనలు నమోదుచేసేది), కన్సోల్ (కమాండ్ లైన్ ఆదేశాలు నడిపేది) మూడూ బూట్‌స్ట్రాప్ ఫైలును ముందుగా చదువుతాయి.

ఇప్పుడు కోడ్ యజమానిని వేరే యూజర్‌గా మార్చి, ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 (యజమాని తప్ప ఎవరూ రాయలేరు) పెట్టండి. తెరమీద నుంచి చేసే అప్‌డేట్ ఇక పనిచేయదు, కాబట్టి కాన్ఫిగ్ ఫైలు జనరల్ విభాగంలో ఎనేబుల్ ఆటో అప్‌డేట్ విలువను 0 చేయండి. కొత్త కోడ్ మీరే విప్పి, కన్సోల్ నుంచి కోర్ అప్‌డేట్ ఆదేశం ఇవ్వాలి. అలా విప్పేటప్పుడు ఫోల్డరు మొత్తం మార్చేస్తే బూట్‌స్ట్రాప్ ఫైలు పోతుంది. అప్పుడు కాన్ఫిగ్ దొరక్క మాటోమో ఇన్‌స్టలేషన్ తెర చూపిస్తుంది. కంగారుపడి అక్కడ వివరాలు నింపకండి, ఫైలు తిరిగి పెడితే సరిపోతుంది.

కొన్ని మాత్రం వెబ్ రూట్ వదలవు. ట్యాగ్ మేనేజర్ తన కంటైనర్లను జేఎస్ ఫోల్డరులో రాస్తుంది, సొంత లోగో మిస్క్ కింద యూజర్ ఫోల్డరులోకి వెళుతుంది. కొన్ని ప్లగిన్లు ట్రాకర్ జావాస్క్రిప్ట్ ఫైలులోనే తమ కోడ్ కలుపుతాయి. మీరు వాడేవాటికే, ఆ ఒక్క ఫోల్డరుకో ఫైలుకో మాత్రమే రాసే అనుమతి ఇవ్వండి.

అన్నీ సరిగా ఉన్నా రాయలేకపోతే, పై ఫోల్డర్లను చూడండి. దారిలోని ప్రతి ఫోల్డరులోకీ పిహెచ్‌పి యూజర్‌కు ప్రవేశించే అనుమతి, అంటే ఎక్స్ బిట్, ఉండాలి. నేమ్‌ఐ ఆదేశానికి ఎల్ జోడిస్తే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. పిహెచ్‌పి చేరగల ఫోల్డర్లను పరిమితం చేసే ఓపెన్ బేస్‌డిర్ పెట్టి ఉంటే కొత్త పాత్‌నూ అందులో చేర్చాలి. సెలినక్స్ (లినక్స్‌లో అదనపు భద్రతా పొర) ఉన్నచోట 777 కూడా పనిచేయదు. సెమనేజ్‌తో ఆ ఫోల్డరుకు వెబ్ సర్వర్ రాయదగిన లేబుల్ ఇచ్చి, రెస్టోర్‌కాన్ నడపాలి. సిస్టమ్‌డీ సర్వీసులో ప్రొటెక్ట్ సిస్టమ్ స్ట్రిక్ట్‌గా ఉంటే కొత్త పాత్‌ను రీడ్ రైట్ పాత్స్‌లో చేర్చాలి. సిస్టమ్ టెంప్‌ను మాత్రం వాడొద్దు: ప్రైవేట్ టెంప్ (సర్వీసుకు విడిగా టెంప్ ఇచ్చే అమరిక) ఉన్నప్పుడు పిహెచ్‌పికీ, నిర్ణీత సమయాల్లో పనులు నడిపే క్రాన్‌కూ వేర్వేరు ఫోల్డర్లు కనిపిస్తాయి.

అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది క్రాన్. ఆర్కైవింగ్ (నివేదికలు ముందే తయారుచేసే) పనిని రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా, నడిపితే కాష్ ఫైళ్లు రూట్ పేరున తయారవుతాయి, కాసేపటికి వెబ్‌సైటు వాటిని మార్చలేక ఆగిపోతుంది. క్రాన్‌నూ కన్సోల్‌నూ ఎప్పుడూ వెబ్ యూజర్‌గానే నడపండి. ఇప్పటికే ఇలా అయివుంటే, టెంప్ మొత్తానికి యజమానిని మార్చి కోర్ క్లియర్ కాషెస్ ఆదేశం ఇవ్వండి. ఆపై అదే యూజర్‌గా డయాగ్నస్టిక్స్ రన్ నడిపి, పేజీ ఒకసారి తెరిచి, కొత్త టెంప్‌లో ఫోల్డర్లు పుట్టాయో లేదో చూడండి.