ఓజేటీకి పిల్లకాయల్ని పంపేటప్పుడు సీట్లు న్యాయంగా పంచడం ఎలా?

ఒంగోలులో ఇంటర్ ఒకేషనల్ పిల్లలకి ఎలక్ట్రికల్ చెప్పే రోజుల్లో ఒక ఏడాది నేనొక తెలివితక్కువ పని చేశాను. ఓజేటీకి, అంటే చదువులో భాగంగా షాపుల్లో పని నేర్చుకునే ఆన్ ద జాబ్ ట్రైనింగ్‌కి, ఏ షాపులో ఎన్ని సీట్లున్నాయో కాగితం మీద రాసి, పొద్దున తొమ్మిదింటికి నోటీసు బోర్డుకి అంటించాను. ముందు వచ్చి పేరు రాసుకున్నవాళ్ళదే సీటు. ఇంతకన్నా న్యాయం ఏముంటుందనుకున్నా. పొదిలి బస్సు తొమ్మిదీ ఇరవైకి వచ్చింది. అప్పటికే హాస్టల్ పిల్లకాయలు మంచి షాపులన్నీ నింపేశారు. బస్సు దిగి వచ్చిన అమ్మాయి బ్యాగు కూడా దించకుండా కాగితం కింది దాకా వేలు పెట్టి వెతుక్కుంది. ఏమీ అనలేదు, క్లాసుకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పట్టుకున్న పద్ధతి ఇది. ముప్పై మంది బ్యాచ్‌కి ఒక మధ్యాహ్నం చాలు. కంప్యూటర్ అక్కర్లేదు, చీటీలుంటే చాలు.

1. ముందు మీరే వెళ్ళి షాపులు చూడండి

ఫోన్లో అడిగితే అందరూ "పంపండి సార్" అనే అంటారు. వెళ్ళి అరగంట కూర్చుంటే తెలుస్తుంది, పని నేర్పుతారో, టీలు తెప్పించుకుంటారో. టైమింగ్స్, ఆడపిల్లలకి బాత్రూమ్, తిరుగు బస్సు ఎన్నింటికి, డబ్బులేమైనా ఇస్తారా, ఇవన్నీ రాసుకోండి. పది మంది, అంతకు పైన పనిచేసే చోటైతే, లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. 2013 చట్టం ట్రైనీలకీ అప్రెంటిస్‌లకీ కూడా వర్తిస్తుంది. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ సెక్షన్ అయితే సరే. క్వారీలోకి మాత్రం పద్దెనిమిది నిండని పిల్లల్ని పంపకండి.

"మనవాళ్ళ పిల్లోడుంటే పంపండి", "ఆడపిల్లలైతే వద్దు" అనే ఓనరు సీటు లిస్టులోంచి తీసేయండి. ఒక సీటు పోయినా పర్లేదు.

2. పేర్లు చూడకముందే రూల్ రాసిపెట్టండి

ఒక సీటుకి ఇద్దరు పోటీ పడితే ఎవరికివ్వాలి? నేను పెట్టుకున్న వరస ఇది: ఇంటి నుంచి ఆ షాపుకి తక్కువ బస్సులు మారాల్సిన వాళ్ళు ముందు. అది సమానమైతే ప్రాక్టికల్ మార్కులు. అవీ సమానమైతే అందరి ముందూ లాటరీ. మార్కులే ముందుండాలని కొందరు లెక్చరర్లు వాదిస్తారు. నేను ఒప్పుకోను. రెండు బస్సులు మారే పిల్లోడు రెండో వారం నుంచి ఎగ్గొట్టడం నేను కళ్ళారా చూశాను. 2025 ఆగస్టు 15 నుంచి ఆడపిల్లలకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి వాళ్ళకి ఛార్జీ కంటే ఆఖరి బస్సే టెన్షన్.

మీ రూల్ వేరుగా ఉండొచ్చు. లిస్టులు చేతికొచ్చాక మాత్రం మార్చకూడదు.

3. ప్రతి ఒక్కరి దగ్గరా ఇష్టాల వరస తీసుకోండి

షాపుల వివరాలన్నీ క్లాసులో చదివి వినిపించండి. రెండు రోజులు టైమివ్వండి, ఇంట్లో మాట్లాడుకుని రాస్తారు. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లలాగే అంటే వెంటనే అర్థమవుతుంది. సీట్లు పిల్లల సంఖ్యకి తగ్గకుండా చూసుకుని, అన్ని షాపులకీ ఇష్టం వరసలో నంబర్లు వేయించండి.

4. చీటీలు టేబుల్ మీద పరవండి

అసలు కిటుకు ఇక్కడుంది. ఒక్కో షాపుకి ఒక డబ్బా గీసి, ప్రతి విద్యార్థి చీటీనీ వాళ్ళ మొదటి ఇష్టంలో పెట్టండి. సీట్లకి మించి చీటీలు పడితే రూల్ ప్రకారం మిగిలినవాళ్ళని పక్కకి తీయండి. లోపల ఉన్నవాళ్ళకి కూడా సీటు ఇంకా ఖాయం కాదు, తాత్కాలికమే. పక్కకి వచ్చినవాళ్ళని వాళ్ళ తర్వాతి ఇష్టంలో పెట్టి, అక్కడ ముందే ఉన్నవాళ్ళతో మళ్ళీ పోల్చండి.

ఒక్కో సీటున్న మూడు చోట్లు అనుకోండి: ఒంగోలులో మోటార్ వైండింగ్ షాపు, చీమకుర్తి ఫ్యాక్టరీ, కొత్తపట్నం రోడ్డులో ఐస్ ప్లాంటు. పొదిలి అమ్మాయికీ టంగుటూరు అబ్బాయికీ మొదటి ఇష్టం వైండింగే. ఇద్దరికీ ఒక్క బస్సే. ప్రాక్టికల్స్‌లో అతనికి 46, ఆమెకి 41. ఆమె చీటీ పక్కకొచ్చింది. ఆమె రెండో ఇష్టం చీమకుర్తి. అక్కడ అప్పటికే కొత్తపట్నం అబ్బాయి చీటీ ఉంది. పొదిలి నుంచి చీమకుర్తికి ఒకటే బస్సు, కొత్తపట్నం నుంచి ఒంగోలులో మారాలి. కాబట్టి సీటు ఆమెది. కొత్తపట్నం అబ్బాయి చీటీ అతని తర్వాతి ఇష్టమైన ఐస్ ప్లాంటుకి వెళ్ళింది. కదలాల్సిన చీటీ ఇంకేదీ లేదు కాబట్టి పని అయిపోయింది.

మొదటి రౌండులోనే సీట్లు ఖాయం చేసి ఉంటే? చీమకుర్తి కొత్తపట్నం అబ్బాయికి పోయేది, వైండింగ్ అడిగిన పాపానికి పొదిలి అమ్మాయి రెండూ పోగొట్టుకునేది. మరుసటి ఏడాది జూనియర్లు ఇది విని, నిజంగా కావాల్సింది దాచి, దొరికేదే ఒకటో నంబరుగా రాస్తారు. తాత్కాలికంగా ఉంచడం వల్ల పిల్లలు మనసులో ఉన్నదే రాసుకోవచ్చు, నష్టం లేదు.

ఇది నేను కనిపెట్టింది కాదు. గేల్, షాప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు 1962లో రాశారు. అమెరికాలో డాక్టర్లకి ఆసుపత్రులు కేటాయించడానికి ఇలాంటి పద్ధతి 1952 నుంచే ఉంది. 2012లో షాప్లీకి, ఆల్విన్ రాత్‌తో కలిపి, ఆర్థికశాస్త్రంలో నోబెల్ కూడా వచ్చింది. మనకి మాత్రం ఒక టేబులూ కొన్ని చీటీలే.

5. పాసయ్యాక

ఓజేటీ వేరు, పాసయ్యాక స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునే అప్రెంటిస్‌షిప్ వేరు. 30 మంది, అంతకు పైన పనిచేసే సంస్థలు తమ సిబ్బంది సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లని తీసుకోవాలి. 2019లో సవరించిన నిబంధనల్లో ఒకేషనల్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకి మొదటి ఏడాది కనీస స్టైపెండ్ నెలకి 7,000 రూపాయలుగా పెట్టారు. ఇది పిల్లలకి ముందే చెప్పి పంపండి, అడగడం తెలుస్తుంది.

ఇక చీటీలు. పని అయిపోయిందని చెత్తబుట్టలో వేయకండి. పిల్లల లిస్టులతో సహా కవర్లో పెట్టి, ఓజేటీ అయ్యేదాకా బీరువాలో ఉంచండి. ఎవరి నాన్నో వచ్చి "మావాడికెందుకు రాలేదు సార్?" అని తప్పకుండా అడుగుతాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆ చీటీలన్నీ మళ్ళీ టేబుల్ మీద పరిచి చూపించండి.