మైఎస్‌క్యూఎల్ 8.0కి మారాక బ్యాకప్ తీస్తున్నారా? ఆటో ఇంక్రిమెంట్ అంకెను నమ్మకండి

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త రికార్డుకు తర్వాతి ఐడీ తానే ఇచ్చే ఏర్పాటు ఆటో ఇంక్రిమెంట్. 5.7 వెర్షన్ నుంచి 8.0కి మారిన చోట్ల, బ్యాకప్ రీస్టోర్ చేశాక డిలీట్ చేసిన ఐడీలు కొత్త రికార్డులకు మళ్లీ వస్తున్నాయన్న ఫిర్యాదులు వినిపిస్తున్నాయి. ఎర్రర్ ఏదీ రాదు, ప్రమాదమంతా అందులోనే ఉంది. పాత ఆర్డరు బిల్లు ఫైలు, లాగ్‌లు, ఫారిన్ కీ (రెండు టేబుళ్ల రికార్డులను ముడిపెట్టే నియమం) లేని టేబుళ్లలో మిగిలిపోయిన రికార్డులు అన్నీ వేరే మనిషి ఆర్డరుకు అతుక్కుంటాయి.

8.0లో ఇన్ఫర్మేషన్ స్కీమా (టేబుళ్ల వివరాలు చూపే చోటు) చూపించే ఆటో ఇంక్రిమెంట్ విలువ కాష్‌లోది, అంటే ముందెప్పుడో చదివి దాచి ఉంచినది. గడువు డిఫాల్ట్‌గా 86400 సెకన్లు, అంటే ఒక రోజు. షో టేబుల్ స్టేటస్ కమాండ్‌దీ అదే దారి. పొద్దున 5150 అని కాష్‌లో పడింది, సాయంత్రానికి 5200 దాకా రికార్డులు చేరాయి, చివరి పది డిలీట్ చేశారు అనుకోండి. ఆ కాష్ అంకెను చదివే టూల్‌తో తీస్తే బ్యాకప్ ఫైల్లో 5150 అనే పడుతుంది. రీస్టోర్‌లో ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్‌లో డేటా దాచే ఇంజిన్) ఉన్నవాటిలో పెద్ద ఐడీ 5190 చూసి, తర్వాతిది 5191 ఇస్తుంది. రావాల్సింది 5201.

అప్‌గ్రేడ్‌కి ముందు: 5.7లో ఆటో ఇంక్రిమెంట్ కౌంటర్ (తర్వాతి ఐడీ లెక్క) మెమరీలోనే ఉంటుంది, రీస్టార్ట్ అయితే ఉన్న పెద్ద ఐడీ నుంచి మళ్లీ లెక్క కడుతుంది. అందుకే సర్వర్ ఆపకముందే ప్రతి టేబుల్ విలువా రాసి పెట్టుకోండి. ఆపాక ఆ అంకె దొరకదు.

బ్యాకప్ వేళ: కాష్ గడువును నిర్ణయించే ఇన్ఫర్మేషన్_స్కీమా_స్టాట్స్_ఎక్స్‌పైరీ సెట్టింగ్‌ని 0 చేయండి. బ్యాకప్ తీసే కనెక్షన్‌లోనే చేయాలి, పక్క విండోలో సెషన్‌కి పెట్టింది దీనికి వర్తించదు. 8.0తో వచ్చే బ్యాకప్ టూల్ మైఎస్‌క్యూఎల్‌డంప్ ఈ పని తానే చేసుకుంటుంది. తంటా అంతా ఆ అంకెను చదివి ఫైలు రాసే అడ్మిన్ టూల్స్‌తో, సొంత స్క్రిప్టులతో.

- అనుమానం వస్తే షో క్రియేట్ టేబుల్ కమాండ్ చూపే అంకెతో పోల్చండి. కాష్ అంకెను నమ్మకండి.
- పెద్ద ఐడీకి ఒకటి కలిపి ఆల్టర్ టేబుల్ కమాండ్ కొట్టి సరిచేశామనుకోకండి. డిలీట్ అయిన ఐడీలు ఆ లెక్కలోకి రావు. లాగ్‌లు, చైల్డ్ టేబుళ్లు (ఈ ఐడీని వాడుకునే ఇతర టేబుళ్లు) వెతికి అసలు గరిష్ఠం పట్టుకోండి, దానికంటే పైకి పెట్టండి.
- ఫైల్లోంచి ఆ అంకె తీసేయడానికి ఫైండ్ రిప్లేస్ వాడేటప్పుడు కాలమ్ మీది ఆటో ఇంక్రిమెంట్ మాట ఎగిరిపోకూడదు. పోతే ఇన్సర్ట్‌కు (కొత్త రికార్డు చేర్చేటప్పుడు) 1364 ఎర్రర్ వస్తుంది.
- ఐడీ 0 ఉన్న రికార్డులుంటే నో_ఆటో_వాల్యూ_ఆన్_జీరో మోడ్ (0ని కొత్త ఐడీగా మార్చకుండా అలాగే ఉంచేది) పెట్టకుండా లోడ్ చేయొద్దు.
- రీస్టోర్ అయ్యాక, ట్రాఫిక్ వదలకముందే, రాసుకున్న అంకెలతో ప్రతి టేబుల్ సరిచూడండి. మళ్లీ చెబుతున్నాం, కాష్ గడువు 0 చేశాకే చూడండి.
- తేడా కనిపిస్తే ఇన్సర్ట్‌లు అక్కడికక్కడే ఆపండి. ఒక్క కొత్త రికార్డు పడినా పాత ఐడీ ఎవరిదో విడదీయడం చేత్తో చేయాల్సిన పని అవుతుంది.