కన్నడ అంకెలను మామూలు అంకెల్లోకి ఎలా మార్చాలి?

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ ఫ్లాట్ల జాబితా వచ్చింది. సెర్చ్‌లో 203 అని కొట్టాను, దొరకలేదు. తీరా చూస్తే కళ్లెదుటే ఉంది, కన్నడ అంకెల్లో. మన ౨, వాళ్ల రెండు చూడటానికి ఇంచుమించు ఒకటే. కానీ కంప్యూటర్ ఆకారం చూడదు, కోడ్ నంబరు చూస్తుంది. కీబోర్డు మీది 2 నంబరు 50, తెలుగు ౨ నంబరు 3176, కన్నడ రెండుది 3304.

ముందు ఆ అంకె ఏదో తేల్చుకోండి. అంకె ఒక్కదాన్నే కాపీ చేసి ఎక్సెల్‌లో ఏ1 గడిలో పెట్టండి. పక్క గడిలో =యూనికోడ్(ఏ1) అని కొట్టండి (ఇంగ్లిష్ అక్షరాల్లోనే). 3302 నుంచి 3311 లోపు వస్తే అది కన్నడ అంకె. వచ్చినదాంట్లోంచి 3302 తీసేస్తే అంకె విలువ తెలుస్తుంది. 3174 నుంచి 3183 లోపు వస్తే తెలుగుది. రెండింటికీ తేడా సరిగ్గా 128. యూనికోడ్‌లో, అంటే అన్ని లిపుల అక్షరాలకూ నంబర్లిచ్చే పట్టికలో, తెలుగుకు 128 స్థానాలు, వెంటనే కన్నడకు 128. మన లిపుల్ని ఇస్కీ అనే పాత భారతీయ కోడ్ పద్ధతి ప్రకారం ఒకే వరసలో సర్దారు కాబట్టి ఇంత పొందిక.

తెర మీద కన్నడ అంకె కనిపిస్తున్నా 48–57 మధ్య వచ్చిందంటే, అది పాత ఫాంట్ చేసిన మాయ. లోపల ఉన్నది మామూలు అంకే. ఫాంట్ మార్చితే చాలు.

ఇప్పుడు మార్చడం. ముందు ఆ కాలమ్‌ను టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టండి. లేకపోతే మొదట్లో సున్నా ఉన్న ఫోన్ నంబర్లలో ఆ సున్నా ఎగిరిపోవచ్చు. తర్వాత కంట్రోల్, హెచ్ నొక్కి ఫైండ్ అండ్ రీప్లేస్‌లో కన్నడ సున్నా స్థానంలో 0, ఒకటి స్థానంలో 1, ఇలా పదిసార్లు చేయండి. విసుగే, కానీ రెండు నిమిషాల పని. కన్నడ అంకె టైప్ చేయడం రాకపోతే =యూనిచార్(3302) అని కొడితే సున్నా వస్తుంది. 3303, 3304 అంటూ పోతే మిగతావి వస్తాయి.

ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లకు పైథాన్‌లో ఈ తిప్పలు లేవు. ఇంట్ ఫంక్షన్ కన్నడ అంకెల్ని నేరుగా సంఖ్యగా తీసుకుంటుంది. జావాస్క్రిప్ట్‌లోని నంబర్ ఫంక్షన్ మాత్రం తీసుకోదు. ఇంకో చిక్కు, యూటీఎఫ్-8లో (యూనికోడ్ నంబర్లను బైట్లుగా దాచే పద్ధతి) మామూలు అంకెకు ఒక బైటు చాలు, కన్నడ అంకెకు మూడు కావాలి (రెండుకైతే 224, 179, 168). పదంకెల ఫోన్ నంబరుకు పది బైట్లే కేటాయించిన డేటాబేస్‌లో ముప్ఫై బైట్లు పట్టవు.

అన్నీ మార్చాక కూడా నా 203 దొరకలేదు. ఆ గడిలో 2, 3 మామూలు అంకెలయ్యాయి గానీ మధ్య గుండ్రం అలాగే ఉండిపోయింది. దాన్నొక్కదాన్నే కాపీ చేసి అడిగితే 3202 అని వచ్చింది. అంటే అది అంకె సున్నా కాదు, కన్నడ అనుస్వారం (అక్షరం పక్కన పెట్టే నిండు సున్న)! సున్నాకూ దానికీ సరిగ్గా వంద తేడా. జాబితా తయారు చేసినవాళ్లు కంటికి సున్నాలా కనిపించింది కదా అని కొట్టేసి ఉంటారు. వాళ్లను అనడానికి మనకూ నోరు లేదు. ‘అందరూ’ అనడానికి అంకె సున్నా కొట్టి ‘అ౦దరూ’ అని రాసేవాళ్లు తెలుగులో బోలెడుమంది. మనకూ అదే వంద తేడా, సున్నా 3174, అనుస్వారం 3074.

దీన్ని మార్చేటప్పుడు మాత్రం షీటు మొత్తం మీద రీప్లేస్ ఆల్ నొక్కకండి. నంబర్లున్న కాలమ్‌ను సెలెక్ట్ చేసుకుని అక్కడే మార్చండి. లేకపోతే ఓనర్ల పేర్లలో అనుస్వారం ఉన్న ప్రతిచోటా 0 వచ్చి కూర్చుంటుంది.