శాన్ భాషల క్లిక్ శబ్దాలు పలకడం ఎలా

ఎవరికైనా దెబ్బ తగిలితే "చ్చ్చ్చ్" అంటాం. ఎద్దును అదిలించేందుకు బుగ్గ పక్కన నాలుకతో "టక్ టక్" మనిపిస్తాం. దక్షిణాఫ్రికా, బోట్స్వానా, నమీబియాల్లోని శాన్ జనానికి ఇవి మామూలు హల్లులు. శబ్దం మన నోటికి వచ్చిందే. దాన్ని మాటలో ఇమడ్చడం దగ్గరే తంటా.

ముందు ఒక్క భాష ఎంచుకోండి. శాన్ భాష అంటూ ఒకటి లేదు. క్షా, టూ, ఖోయ్ అని మూడు వేర్వేరు కుటుంబాలున్నాయి. నమీబియాలో చుంక్వే చుట్టుపక్కల మాట్లాడే జూహోన్‌తో మొదలుపెడితే మేలు. దానికి నిఘంటువు ఉంది, మూల క్లిక్‌లు నాలుగే. పెదవులతో ముద్దు పెట్టినట్టు పలికే అయిదోది టూ భాషల్లో వినిపిస్తుంది.

ఈ నాలుగు క్లిక్‌లను రాసే గుర్తులు ఇవి. ఒక నిలువు గీత: "చ్చ్", నాలుక కొన పళ్ల వెనక. జంట గీతలు: ఎద్దును అదిలించే శబ్దం, గాలి నాలుక పక్కనుంచి. ఆశ్చర్యార్థకం: సీసా బిరడా ఊడినట్టు "టాక్". నిలువు గీత మీద రెండు అడ్డగీతలు: నాలుక వెడల్పుగా అంగిలికి అతికి, చటుక్కున విడిపోవాలి. ఇదే అన్నిటికన్నా మొండిది.

నాలుక వెనక భాగాన్ని "క" దగ్గర ఆనించండి, కొనను ముందు ఆనించండి. రెండూ వదలకుండా నాలుక మధ్యభాగం కిందికి లాగితే లోపల గాలి పలచబడుతుంది. అప్పుడు కొన వదిలితే క్లిక్. ఊపిరితో పనిలేదు. నమ్మకం లేకపోతే ముక్కుతో "ఙ్‌ఙ్‌ఙ్" అని మూలుగుతూ క్లిక్ కొట్టండి, మూలుగు ఆగకూడదు.

తర్వాత అచ్చు చేర్చండి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే: "టాక్... ఆ" అని రెండు ముక్కలవుతుంది. వెనక ఆనిక వదలడం ఆలస్యమైతే ఇలా జరుగుతుంది. క్లిక్, "ఆ" ఒకేసారి రావాలి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే ఆ సందు ఇట్టే తెలిసిపోతుంది. ఆశ్చర్యార్థకం పలికేటప్పుడు నాలుక నోటి అడుగున "ఠప్" మని కొట్టుకుంటోందా? నాలుకను మరీ బలంగా కిందికి విసురుతున్నారన్నమాట. క్లిక్ కుదిరాక స్వరస్థాయి చూసుకోండి. అది మారితే అర్థమే మారుతుంది.

వినడానికి ఖోసా పాటలు వెతక్కండి. అది శాన్ భాష కాదు, బంటూ అనే వేరే కుటుంబానిది, క్లిక్‌లు అరువు తెచ్చుకున్నది. సంస్కృతి కోసమైతే 1870లలో రాసుకున్న ఖామ్ అనే శాన్ భాష కథల నోటు పుస్తకాలు కేప్ టౌన్ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఖామ్ మాట్లాడేవారిప్పుడు లేరు. అయినా దక్షిణాఫ్రికా జాతీయ చిహ్నం మీది వాక్యం ఆ భాషదే. కేప్ టౌన్ వెళ్లేవారు అక్కడికి ఉత్తరాన, యిజర్‌ఫోంటైన్ దగ్గరున్న ఖ్వా టూ శాన్ వారసత్వ కేంద్రం చూడవచ్చు. అక్కడ ఎవరి గొంతైనా రికార్డు చేయాలంటే ముందు అడగండి. 2017లో శాన్ ప్రతినిధులు పరిశోధకులకు నియమావళి రాసింది తమ సమాచారాన్ని అడగకుండా వాడుకున్నవాళ్ల వల్లే.